బౌలర్‌ను మార్చని ముదీర్

మొన్న తెగిన చెప్పు కుట్టించుకుందామని కాకినాడ బజారులో ఒక చిన్న దుకాణం ముందు నిలబడ్డాను. లోపల ముసలాయన కొత్త తోలుముక్కకు కొబ్బరినూనె రాసి బొటనవేలితో నెమ్మదిగా రుద్దుతున్నాడు. వేడెక్కిన తోలూ కొబ్బరినూనే కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు చెప్పు సంగతి గుర్తులేదు, బజారు గుర్తులేదు. సౌదీలో, రాస్ తనూరాకు కొద్ది దూరంలో ఉన్న మా కాంపౌండ్‌లో, వంటింటి గట్టు మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్న చిన్నపిల్లనైపోయాను. గురువారం సాయంత్రం అమ్మ నాకు జడ వేసి, అరచేతిలో మిగిలిన నూనెను నా బేస్‌బాల్ గ్లవ్‌కు పట్టించేది. ఎడమచేతికి తొడుక్కునే ఆ పెద్ద తోలు గ్లవ్ ఒక పట్టాన వంగేది కాదు. "దీనికీ నీలాగే మొండితనం" అనేది అమ్మ, దాన్ని మోకాలి మీద పెట్టి మడతపెడుతూ.

తెలుగింటి పిల్ల బేస్‌బాల్ ఆడిందంటే ఇక్కడ ఇప్పటికీ నవ్వుతారు. కానీ మా కాంపౌండ్‌లో ఉన్న మైదానం అదే. ఎప్పుడో మాకు ముందుతరంలో అమెరికన్ కుటుంబాలు అక్కడ ఉన్నప్పుడు వేసుకున్నారట. వాళ్ళు వెళ్ళిపోయాక వలా చెక్కబెంచీలూ మిగిలాయి. ఫిలిప్పీన్స్ వాళ్ళు వాటిని బాగుచేసుకుని పిల్లలకు ఆట నేర్పడం మొదలుపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళైన జుబైల్లో ఒక జట్టు, ఖోబర్‌లో రెండు మూడు, మాది ఒకటి. మా జట్టు పేరు డాల్ఫిన్స్. నాన్న కాకినాడ నుంచి వచ్చిన ఇంజనీరు, రిఫైనరీకి పనిచేసే ఒక కాంట్రాక్ట్ కంపెనీలో పంపుల మరమ్మతు చూసేవాడు. ఆయనకు క్రికెట్ తప్ప మరో ఆట ఆటే కాదు. నన్ను జట్టులో చేర్పించింది కూడా "ఎండలో కాసేపు పరిగెడితే అన్నం తింటుంది" అనే ఆశతోనే. తీరా చూస్తే ఒక్క ఏడాదిలో నాకంటే నాన్నకే పిచ్చి ముదిరింది.

చలికాలం మా ఆటల కాలం. నవంబరులో ఉక్కపోత విరిగి, పొద్దున్నే సముద్రం మీద నుంచి ఉప్పుగాలి చల్లగా వీచేది. కారు అద్దాల మీద మంచు నీళ్ళలా కారేది, దూరంగా రిఫైనరీ గొట్టం మీది మంట ఆ మంచులో నారింజరంగు మరకలా కనిపించేది. శుక్రవారం పొద్దున మైదానంలో ఇసుక లేవకుండా గొట్టంతో నీళ్ళు చల్లేవారు. తడిసిన ఇసుక వాసన, ఫిలిప్పీన్స్ ఆంటీలు నిప్పుల మీద కాల్చే మాంసం వాసన, అమ్మ తెచ్చిన పులిహోరలో ఇంగువ వాసన, ఎవరో పంచే ఏలకుల అరబ్బీ కాఫీ కహ్వా వాసన, ఇవన్నీ కలిసి ఒక జాతరలా ఉండేది. జుమ్మా నమాజు వేళకు ముందే ఆట ముగించాలి కాబట్టి అందరికీ తొందరే, మా తెలుగువాళ్ళకు తప్ప. వాళ్ళకు ఆట అయిపోయాకే అసలు ఆట, ఎందుకు ఓడామన్న వాదన, మొదలయ్యేది.

ఆ వాదనలకు పెద్ద రాజన్న మామయ్య. కోరుట్ల దగ్గరి మనిషి, మా కాంపౌండ్‌లో ఏసీలు బాగుచేసే మెకానిక్. పక్కనే ఉన్న లేబర్ క్యాంపులో ఉండేవాడు. పెద్ద గొంతు, పలచని మీసం, తల చుట్టూ ఎర్రగళ్ళ గుడ్డ. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది కనుక నాకు మామయ్య అయ్యాడు. మా ఏసీ పాడవకపోయినా శుక్రవారం పొద్దున ఒకసారి వచ్చి దాని మీద చెయ్యి పెట్టి చూసి, "మంచిగనే ఉన్నది, పోదాం పాండ్రి మ్యాచ్‌కు" అనేవాడు. బేస్‌బాల్ నియమాలను ఆయన తనదైన పద్ధతిలో అర్థం చేసుకున్నాడు. "కిర్కెట్ల బంతి టప్పా పడుతది, గిండ్ల పడది. గా నాలుగు మూలలు సుట్టొస్తే ఒక్క రన్ను. మూడు పాలి కొట్టరాకపోతే అవుటు. గింతే గదా!" అంతే. మిగతాదంతా ఆయన గొంతుతో నడిపించేవాడు. బంతి విసిరేవాణ్ణి మేమంతా పిచర్ అంటే ఆయన బౌలర్ అనేవాడు. జట్టు మేనేజర్‌ను, పనిలో అలవాటైన అరబ్బీ మాటతో, ముదీర్ అనేవాడు.

మా ముదీర్ రోమీ అంకుల్. కంపెనీ స్టోరు చూసే ఫిలిప్పీన్స్ ఆయన, పొట్టిగా, గుండ్రంగా, ఎప్పుడూ జేబులో పొద్దుతిరుగుడు గింజలు. ఒక్కో గింజా కొరికి పొట్టు ఉమ్ముతూ, ఒక్క మాట మాట్లాడకుండా ఆటంతా చూసేవాడు. ఆయన కొడుకు జోజో మా పిచర్. సన్నగా పొడుగ్గా ఉండే జోజో బంతి విసిరితే గాలిలో ఈల వినిపించేది. వాడి చలవ వల్లే ఏటా మేం చివరి నాలుగు జట్లలోకి వచ్చేవాళ్ళం. ఏటా ఆ సెమీఫైనల్లోనే ఓడిపోయేవాళ్ళం. మూడోవంతు ఆట మిగిలి ఉండగానే జోజో భుజం అలిసిపోయేది, బంతి వేగం తగ్గేది, అవతలివాళ్ళు బాదడం మొదలుపెట్టేవారు. రోమీ అంకుల్ మాత్రం గింజలు కొరుక్కుంటూ కూర్చునేవాడు. పిచర్‌ను మార్చేవాడు కాదు.

ఇంక చూడాలి మావాళ్ళ గోల. నాన్న తప్పంతా వరసలో ఉందనేవాడు, బాగా కొట్టేవాళ్ళను ముందు పంపాలని. అమ్మ మొదట్లో మ్యాచ్‌కు వచ్చి స్వెటర్ అల్లుకునేది. రెండో ఏడాదికి అల్లిక మానేసింది, మూడో ఏడాదికి నాన్నతో పోట్లాడటం మొదలుపెట్టింది. "వరసేంటండీ, వరస! ఆ పిల్లాడి చెయ్యి చూడండి, పాపం వేలాడిపోతోంది. తండ్రికి కనపడద్దూ?" అనేది. రాజన్న మామయ్యది ఏటా ఒకటే మంత్రం. "బౌలర్‌ను మార్చుండ్రి! నేను ఎన్నేండ్ల సంది మొత్తుకుంటున్న, బౌలర్‌ను మార్చుండ్రని!" సాయంత్రం మా ఇంట్లో మిరపకాయ బజ్జీలు వేగుతుంటే వంటింట్లో అమ్మ, హాల్లో వాళ్ళిద్దరూ, మధ్యలో గోడ ఉన్నా వాదన ఆగేది కాదు. నేను కింద కూర్చుని కందగడ్డ ముక్కలతో నాలుగు మూలలు పేర్చి, ఎవరు ఎక్కడ నిలబడాల్సిందో వాళ్ళకు చూపిస్తుండేదాన్ని.

ఒక ఏడాది అలాగే ఓడిపోతున్నప్పుడు రోమీ అంకుల్ బెంచీ వెనకే నిలబడి రాజన్న మామయ్య తెలుగులో దుమ్మెత్తి పోస్తున్నాడు. "గీ ముదీర్‌కు కండ్లున్నయా లేవా? కొడుకు తప్ప ఇంకెవ్వలు కనవడరాయె!"

రోమీ అంకుల్ వెనక్కి తిరిగాడు. గింజ పొట్టు ఉమ్మి, తాపీగా అన్నాడు. "కండ్లున్నయన్నా. మంచిగనే కనవడుతది."

నాన్న చేతిలో కహ్వా కప్పు అలాగే ఉండిపోయింది. అమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన స్టోర్లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళంతా జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళేనట. మూడేళ్ళుగా మేం వెనక నిలబడి అన్న ప్రతి మాటా ఆయనకు అర్థమవుతూనే ఉందన్నమాట! నాన్న ఇంగ్లీషులో క్షమాపణలు మొదలుపెట్టాడు. రాజన్న మామయ్య మాత్రం పగలబడి నవ్వి, "అరె, మంచిదాయె గదా! ఇంక సక్కగ మొకం మీదనే తిట్టచ్చు" అన్నాడు.

ఆ రోజు నుంచి రోమీ అంకుల్ కూడా మా బజ్జీల వాదనలో సభ్యుడైపోయాడు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ నేరుగా అడిగేసింది. "మీ అబ్బాయి చెయ్యి నొప్పెట్టినా ఎందుకు మార్చరండీ?"

"ఎవరున్నరు మేడమ్ ఇంక?"

"మా అమ్మాయి లేదూ!"

ఆయన నావైపు చూశాడు. జట్టులో నా చోటు కుడివైపు మైదానం చివర. బంతి ఎప్పుడో గాని రాని చోటు. అక్కడ నిలబడి నేను గవ్వలేరుకునేదాన్ని. ఆయన నవ్వి, "నేర్పిస్త. కానీ మ్యాచ్‌ల బంతి ఇయ్యను, అప్పుడే ఇయ్యను" అన్నాడు. రాజన్న మామయ్య మర్నాడే ఒక పాత ఏసీ జాలీ తెచ్చి మా ఇంటి వెనక గోడకు వేలాడదీశాడు. సాయంత్రం హోంవర్క్ అయ్యాక నేను దానికి గురిపెట్టి బంతి విసిరేదాన్ని. తగిలితే ఠంగుమని మోగేది. పక్కింటి మలయాళీ ఆంటీ కిటికీ వేసుకునేది. మొదట్లో రోజుకోసారి మోగితే గొప్ప. రెండు చలికాలాలు గడిచేసరికి ఆంటీ కిటికీ తీయడమే మానేసింది.

ఆ రెండు చలికాలాల్లోనే పెద్దవాళ్ళ మాటల్లోకి కొత్త మాటలు వచ్చాయి. నితాఖాత్ అనే సర్కారు నియమం నేను పుట్టి కొద్దికాలమైనప్పటి నుంచీ ఉన్నదే. కంపెనీలో సౌదీవాళ్ళు ఇంతమంది ఉండాలని, లేకపోతే ఆ కంపెనీ ఎరుపులో పడుతుందని, ఎరుపులో పడితే మనవాళ్ళు అక్కడ ఉండటానికిచ్చే ఇఖామాలు రెన్యూ కావని. మాకు మాత్రం అది ట్రాఫిక్ లైటు ఆటలా ఉండేది. "మా కంపెనీ గ్రీను, మీది రెడ్డు, అవుట్!" అని అరుచుకుంటూ పరిగెత్తేవాళ్ళం. తర్వాత లెవీ వచ్చింది. భార్యాపిల్లల్ని దగ్గర పెట్టుకున్న ప్రతివాడూ తలకింత కట్టాలి, ఏటేటా అది పెరుగుతుంది. అప్పటి నుంచి మా కాంపౌండ్‌లో శుక్రవారాలు మారిపోయాయి. ఒక వారం ఒకరింట్లో వీడ్కోలు భోజనం, మరో వారం మరొకరింట్లో. వరండాల్లో తాళ్ళు కట్టిన అట్టపెట్టెలు. బడిలో రెండు సెక్షన్లను కలిపి ఒకటి చేశారు. వెళ్ళేవాళ్ళు ఇచ్చిపోయిన మొక్కలతో మా వరండా అడవిలా తయారైంది. అమ్మ ఒక్కో కుండీకి ఆ ఇంటావిడ పేరే పెట్టి పిలిచేది. "షబానాకు నీళ్ళు పోశావా? లిస్సీ వాడిపోతోంది చూడు."

ఆ ఏడాది డాల్ఫిన్స్‌లో మేం పన్నెండుమందిమే మిగిలాం. అయినా ఎలాగో సెమీఫైనల్‌కు వచ్చాం. జుబైల్ జట్టుతో ఆట. ఆ వారంలోనే రాజన్న మామయ్య కంపెనీ ఎరుపులో పడి, ఆయన పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇంక ఇంటికి వెళ్ళిపొమ్మనే ముద్ర, పడింది. శనివారం దమ్మామ్ నుంచి విమానం. మామయ్య అదేమీ పెద్ద విషయం కానట్టే ఉన్నాడు. "ఇంటికి పోతున్న, జైలుకు పోతలేను గదా. పోరి పెద్దదైంది, నన్ను సూసి గుర్తువడుతదో లేదో" అని నవ్వేవాడు. ఆయన కోరిందల్లా ఒకటే. వెళ్ళేలోపు డాల్ఫిన్స్ ఒక్కసారి సెమీఫైనల్ గెలవడం చూడాలి.

ఆ శుక్రవారం ఉగాది దాటిన మొదటి శుక్రవారం. కాంపౌండ్ గోడ వెంట ఉన్న వేపచెట్ల పూత రాల్చి, బెల్లం బదులు ఖర్జూరం వేసి అమ్మ పచ్చడి చేసింది. జట్టులో అందరికీ తలా చెంచా పెట్టింది. జోజో ముఖం అష్టవంకరలు తిరిగింది. రోమీ అంకుల్ మాత్రం మళ్ళీ అడిగి తిన్నాడు. అందరం జుబైల్ బస్సు కోసం చూస్తున్నాం. బస్సు వచ్చింది. దిగింది ఆరుగురు పిల్లలు. వాళ్ళ మేనేజర్ రోమీ అంకుల్ చేతులు పట్టుకుని ఏదో చెప్పాడు. మిగతావాళ్ళంతా కుటుంబాలతో సహా వెళ్ళిపోయారు, వాళ్ళ పిచర్ కూడా ముందువారమే కొచ్చిన్ విమానం ఎక్కేశాడు. తొమ్మిదిమంది లేకపోతే ఆట లేదు. ఆడకుండానే మేం గెలిచినట్టే.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాగానే రాజన్న మామయ్య తలగుడ్డ తీసి గాలిలో తిప్పాడు. "గెలిచినం! సార్, గెలిచినం! డాల్ఫిన్లు ఫైనల్‌కు పోయినయ్!" నాన్న ఆయన భుజం చరిచాడు. రోమీ అంకుల్ గింజలు కొరుకుతూ ఆ ఆరుగురు పిల్లల్ని చూస్తున్నాడు. వాళ్ళు గ్లవ్‌లు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద వరసగా కూర్చున్నారు.

"ముగ్గురిని ఇస్త. ఆడుదాం" అన్నాడాయన.

రాజన్న మామయ్య చెయ్యి గాలిలోనే ఆగింది. "ఏమంటున్నవ్ ముదీర్? ఖలాస్ అయిపోయిందనంగ మళ్ళ ఆడుడేంది?"

"వాళ్ళు జుబైల్ నుంచి వచ్చిండ్రన్నా. ఆడనీకి వచ్చిండ్రు."

"రేపు నేను పోతున్న. ఒక్కపాలి గెలిచినమని సంబురంగ పోనియ్యరాదూ!"

"ఆడకుంటే ఏం చూసి పోతవన్నా? ఇంటికి పోయి ఏం చెప్తవ్?" అని, ఆయన మావైపు తిరిగాడు. "ఎవరు పోతరు వాళ్ళ దిక్కు?"

నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో నాకు బాగా తెలుసు. వాళ్ళకు పిచర్ లేడు. రోమీ అంకుల్ నావైపు చూసి, పెదవి బిగించి, తలూపాడు.

జుబైల్ టోపీ పెట్టుకుని మైదానం నడుమ మట్టిదిబ్బ మీద నిలబడి మావాళ్ళ వైపు చూశాను. నాన్న మా జట్టు వైపే కూర్చున్నాడు, నమ్మకద్రోహం చేయలేనన్నట్టు ముఖం పెట్టుకుని. అమ్మ వల వెనక సరిగ్గా మధ్యలో నిలబడింది. రాజన్న మామయ్య కాసేపు అటూ ఇటూ తిరిగి, నీళ్ళసీసా చంకన పెట్టుకుని, జుబైల్ బెంచీ దగ్గరికి నడిచాడు. "నేను పిల్ల దిక్కు" అని ప్రకటించాడు. నాన్న "రాజన్నా, ఇది అన్యాయం!" అని అక్కడి నుంచే కేక వేశాడు. "అన్యాలం లేదు గిన్యాలం లేదు సార్, ఎన్నేండ్ల సంది బౌలర్‌ను మార్చుమంటున్న, గిప్పుడు మార్చిండ్రు!"

మొదట్లో నా బంతులు కొన్ని దారి తప్పాయి, మావాళ్ళు రెండు పరుగులు చేశారు. తర్వాత నేను కళ్ళు చికిలించి, పట్టేవాడి గ్లవ్ చోట ఏసీ జాలీని ఊహించుకున్నాను. ఇంక దారి తప్పలేదు. జుబైల్ పిల్లలు చిన్నవాళ్ళే గాని బాగా పరిగెత్తారు. అటు జోజో భుజం ఎప్పటిలాగే చివర్లో అలిసింది, రోమీ అంకుల్ ఎప్పటిలాగే మార్చలేదు. మేం, అంటే జుబైల్, ఒక్క పరుగు ముందుకు వెళ్ళాం. చివరి వంతు. డాల్ఫిన్స్‌కు ఇంక ఒక్క అవుట్ మిగిలింది, ఒక పిల్లవాడు మూడో మూల దాకా వచ్చి సమం చేయడానికి సిద్ధంగా ఉన్నాడు. బ్యాట్ పట్టుకుని వచ్చింది జోజో.

మైదానమంతా నిలబడింది. రోమీ అంకుల్ నేను చూస్తుండగా మొట్టమొదటిసారి గొంతెత్తి కొడుకుని పేరుపెట్టి అరిచాడు. రాజన్న మామయ్య "బిడ్డా, ఎయ్! మనోళ్ళని సూడకు, ఎయ్!" అని గంతులు వేస్తున్నాడు. మొదటి బంతి జోజో కొట్టలేకపోయాడు. రెండోది కొట్టాడు గాని గీత అవతల పడింది, అదీ తప్పినట్టే లెక్క. మూడోది వేయబోతుంటే వాడు నావైపు చూసి పళ్ళు బయటపెట్టి నవ్వాడు, నేనూ నవ్వాను. విసిరాను. బ్యాట్ గాలిని కోసింది. బంతి పట్టేవాడి గ్లవ్‌లో టప్‌మని పడింది.

డాల్ఫిన్స్ మళ్ళీ సెమీఫైనల్లో ఓడిపోయారు.

జుబైల్ పిల్లలు నా మీద పడ్డారు. వాళ్ళ నడుమ నుంచి దూసుకొచ్చి రాజన్న మామయ్య నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నాడు. నన్ను మోసుకుంటూనే రోమీ అంకుల్ ముందుకెళ్ళి వేలు చూపించాడు. "సూసినవా ముదీర్? సూసినవా? బౌలర్‌ను మార్చితే గిట్లుంటది!"

"అందుకే వాళ్ళకిచ్చిన. బాగున్నదా లేదా?" అన్నాడు రోమీ అంకుల్. తర్వాత నా టోపీ తీసి తల నిమిరి, ఇంగ్లీషులో, "బంతి ముందే నీకివ్వాల్సింది" అని మెల్లగా అన్నాడు. అది విన్నది నేనూ మామయ్యే. మామయ్య ఆ మాటను ఎవరికీ చెప్పకుండా ఒక్క నిమిషం కూడా ఉండలేకపోయాడు. నాన్న మాత్రం దారి పొడుగునా "జోజోని వరసలో ఒక్క మెట్టు ముందు పంపుంటేనా..." అంటూనే ఉన్నాడు. అమ్మ "మీరు నోరు మూసుకోండి, మన పిల్ల గెలిచింది" అంది.

మర్నాడు రాజన్న మామయ్య వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మా ఏసీ మీద చెయ్యి పెట్టి చూశాడు, మంచిగనే ఉందన్నాడు. విమానాశ్రయం నుంచి వచ్చాక నాన్న ఆ సాయంత్రం బజ్జీలు వద్దన్నాడు. తర్వాతి వారం జుబైల్ తరఫున ఫైనల్ ఆడి, ఖోబర్ వాళ్ళ చేతిలో చిత్తుగా ఓడాం, దాని గురించి చెప్పుకోవడానికేం లేదు. ఆ వేసవిలో అమ్మా నేనూ ఎగ్జిట్ మీద కాకినాడ వచ్చేశాం. మొక్కలన్నీ రోమీ అంకుల్ ఇంటికి వెళ్ళాయి. నాన్న మరికొన్నాళ్ళు ఒంటరిగా ఉండి వచ్చేశాడు. రోమీ అంకుల్ కుటుంబం కూడా ఆ మరుసటి ఏడాదే వాళ్ళ ఊరు చేరుకుంది.

ఇప్పుడు జోజో వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లల జట్టుకు మేనేజర్. కిందటి నెల వీడియో కాల్లో రోమీ అంకుల్ ఆ సంగతి చెబుతుంటే, కోరుట్ల నుంచి రాజన్న మామయ్యనూ కలిపాం. ఇప్పుడాయనకు సొంతంగా ఏసీల దుకాణం ఉంది, వెనక నుంచి కూతురి గొంతు వినిపిస్తుంటుంది. జోజో జట్టు సెమీఫైనల్లో ఓడిందని తెలియగానే మామయ్య ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రోమీ అంకుల్ చాలాసేపు నవ్వి, "మార్చలేదన్నా" అన్నాడు.

నాన్నతో పనిచేసినాయన ఒకరు ఈమధ్య అక్కడి నుంచి వచ్చి, మా కాంపౌండ్ గోడ తీసేశారని, మైదానంలో ఇప్పుడు పైపులు పేర్చి ఉన్నాయని, వేపచెట్లు కూడా కొట్టేశారని చెప్పాడు. శుక్రవారం లీగులో ఆడిన జట్లలో ఒక్కటీ మిగల్లేదట. మా ఇంట్లో మాత్రం ఆ రోజు ఎవరు గెలిచారన్నది ఇంకా తేలలేదు. నాన్న ఓడిపోయామంటాడు, అమ్మ గెలిచామంటుంది. మళ్ళీ ఒకసారి ఆడి తేల్చుకుందామంటే అవతలి జట్టు లేదు, ఇవతలి జట్టు లేదు, నిలబడి అరవడానికి వల వెనక చోటూ లేదు.